గెనిమ మీది కానుగ, వెంపలి తీసేసి గ్లిరిసిడియా పెట్టమంటున్నారు. పెట్టాలా?

ఎర్రచేను_కళ్యాణదుర్గం

మాది కళ్యాణదుర్గం దగ్గర ఆరెకరాల ఎర్రనేల. ముంగారులో చెనక్కాయ (వేరుశనగ), మధ్యలో కంది సాళ్లు. బోరు లేదు, వానే దిక్కు. ఉత్తరం గెనిమ (చేను గట్టు) మీద తాత నాటిన కానుగలు నాలుగు, ఒక తెల్లతుమ్మ, రేగు పొదలు ఉన్నాయి. వాటి కింద తంగేడు, వెంపలి వాటంతటవే మొలిచాయి.

మట్టి పరీక్షలో సేంద్రియ కర్బనం (చివికిన ఆకు, పేడ వల్ల మట్టికొచ్చే సత్తువ) 0.3 శాతమే, నత్రజని తక్కువ అని వచ్చింది. మొక్కలు పంచేవాళ్లు వచ్చి, గ్లిరిసిడియా (పచ్చిరొట్ట కోసం పెంచే చెట్టు) మొక్కలు ఉచితంగా ఇస్తాం, గెనిమంతా జేసీబీతో శుభ్రం చేసి వరసగా పెట్టుకోండి అని చెప్పి పోయారు. "ఆ పిచ్చి కంపతో ఏం లాభం, ఇదైతే నత్రజని ఇస్తుంది" అన్నారు. నాయనేమో కానుగ మీద గొడ్డలి పడితే ఊరుకునేది లేదంటున్నాడు. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. పైగా పక్క చేనాయన తన వైపు గెనిమకు గడ్డిమందు కొట్టించాడు. మా వైపు కూడా కొట్టిస్తానంటే వద్దన్నాను.

నా ప్రశ్న ఒక్కటే. మన ఊరి మొక్కలు నేలకు నత్రజని ఇవ్వవా? గ్లిరిసిడియా ఒక్కటే ఇస్తుందా?

చీనీతోట_పులివెందుల

కొట్టొద్దు. నాయన మాటే మాట. వివరంగా సాయంత్రం రాస్తా, ఇప్పుడు కరెంటు వచ్చింది, మోటారు దగ్గరికి పోవాల.

గుత్తి_సూటిమాట

నేను పెట్టమనే అంటాను. మా గెనిమల మీద గ్లిరిసిడియా ఉంది. కొమ్మ గుచ్చితే బతుకుతుంది, కొడితే మళ్లీ చిగురేస్తుంది, ఏడాదికి రెండు మూడు కోతలు వస్తాయి. ఆకు మెత్తగా ఉంటుంది, తేమ ఉంటే రెండు మూడు వారాల్లో మట్టిలో కలిసిపోతుంది. రేగు పొదలో ఏముంది? ముల్లు, కింద ఎలుక బొక్కలు. చెనక్కాయ ఊడల్లో కాయ గట్టిపడే వేళకి ఆ ఎలుకలన్నీ చేనులోనే ఉంటాయి. పాతదంటే పవిత్రం అనుకోవడం నాకు నచ్చదు.

గొర్రెలమంద_రాప్తాడు

రేగు తీసేస్తే మా మేకలు గుత్తి దాకా నడిచొచ్చి అన్న ఇంటి ముందు ధర్నా చేస్తాయి.

మట్టివాసన

గుత్తి అన్న చెప్పిన గుణాలు నిజమే, గ్లిరిసిడియాకు అవన్నీ ఉన్నాయి. అయితే అది మన మొక్క కాదు, మెక్సికో, మధ్య అమెరికా వైపు నుంచి వచ్చింది. బయటిది కాబట్టి చెడ్డదనీ కాదు, చెనక్కాయ కూడా దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే. ప్రశ్న ఏంటంటే, ఉన్నవాటిని పీకి దాన్ని పెట్టాలా అని. దానికి ముందు ఏది నత్రజని పడుతుందో, ఏది పట్టదో తెలియాలి.

గాలిలో 78 శాతం నత్రజనే. కానీ మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. చిక్కుడు కుటుంబపు మొక్కల వేర్లలో రైజోబియం జాతి బ్యాక్టీరియా చేరి బుడిపెలు కడుతుంది. అక్కడ గాలి నత్రజనిని అమ్మోనియాగా మార్చి మొక్కకిస్తుంది, బదులుగా మొక్క దానికి చక్కెరలిస్తుంది. ఈ సంగతి 1880లలో జర్మనీ శాస్త్రవేత్తలు హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ రుజువు చేశారు. అంతకుముందు కూడా మన పెద్దలు కందిని, ఉలవను మార్చి మార్చి వేసుకున్నారు.

ఇప్పుడు మీ గెనిమ చూద్దాం. కానుగకు బుడిపెలు వస్తాయి. వెంపలికి వస్తాయి, తెల్లతుమ్మకు వస్తాయి. తంగేడు కూడా చిక్కుడు కుటుంబమే కానీ దానికి బుడిపెలు రావు. రేల, చింత కూడా అంతే. రేగు ఆ కుటుంబమే కాదు. అంటే మీ గెనిమ మీద మూడు రకాలు గ్లిరిసిడియా చేసే పనే చేస్తున్నాయి.

ఇంకో ముఖ్యమైన మాట. నిలబడి ఉన్న చెట్టు పక్క సాలుకు పెద్దగా నత్రజని పంచదు. ఆకు రాలి, సన్న వేరు చచ్చి, బుడిపె కుళ్లి మట్టిలో కలిస్తేనే అది పంటకు అందుతుంది. గెనిమ మీద ఏ చెట్టున్నా, దాని రొట్ట చేలోకి రాకపోతే లెక్క సున్నా.

సీమపిల్ల_ధర్మవరం

తంగేడుకు బుడిపెలు రావా అక్కా? మా అవ్వవాళ్లు చెరువు కింద వరిమడిలో తంగేడు రొట్ట మోపులు మోపులు తెచ్చి తొక్కేవాళ్లు. అదంతా దండగేనా?

మట్టివాసన

దండగ కాదమ్మా. కొండ మీద, బీడులో తంగేడు లోతు వేర్లతో లాగిన పోషకాలు ఆకులోకి వస్తాయి. ఆ ఆకును మడిలోకి తెస్తే మడికి లాభమే. కాకపోతే గాలిలోంచి కొత్తగా పట్టింది కాదు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసుకొచ్చింది. తంగేడు పూవు మీద తేనెటీగలు వాలుతాయి, చేనుకు గాలిదెబ్బ తగ్గుతుంది, గెనిమ మట్టి జారదు. ఆ పనులకు బుడిపెలు అక్కర్లేదు.

నల్లరేగడి_కోయిలకుంట్ల

చదవడానికి బాగుంది. చేలో లెక్క వేరు. 45 కిలోల యూరియా బస్తా ₹266.50. కూలి మనిషిని పెట్టి కానుగ కొమ్మలు కొట్టించి, మోయించి, పరిపించే ఖర్చుకు అలాంటి బస్తాలు ఎన్ని వస్తాయో లెక్కేసుకోండి. మాది నల్లరేగడి, పప్పుశనగ, జొన్న. చెట్టు నీడలో రెండు సాళ్లు బక్కపడతాయి, చెట్టు మీద వాలిన పిట్టలు జొన్న కంకులు తింటాయి. నేను గెనిమ మీద ఏదీ ఉంచను.

గొర్రెలమంద_రాప్తాడు

అవే పిట్టలు పప్పుశనగలో పచ్చపురుగును తింటాయి కదన్నా. పురుగు కోసం చేలో పక్షి స్థావరాలని కర్రలు పాతమంటారు. ఉన్న చెట్టు కొట్టేసి కర్ర పాతడం ఏం లెక్క?

నల్లరేగడి_కోయిలకుంట్ల

ఆ మాట ఒప్పుకుంటా. నీడ సంగతి మాత్రం ఒప్పుకోను.

కదిరి_చెనక్కాయ

యూరియా లెక్క నేను చెప్తా. బస్తాలో 46 శాతం నత్రజని, అంటే 45 కిలోల బస్తాకు 20.7 కిలోలు. వానాధారం చెనక్కాయకు ఎకరాకు సిఫారసు 8 కిలోల నత్రజని మాత్రమే. మా ఊర్లో ఎకరాకు బస్తా వేసేవాళ్లున్నారు, అంటే రెండున్నర రెట్లు. చేను నల్లగా, ఏపుగా పెరుగుతుంది, చూడముచ్చటగా ఉంటుంది, పీకితే కాయలుండవు. మట్టిలో నత్రజని ఎక్కువైతే చెనక్కాయ బుడిపెలు కట్టడం మానేస్తుంది. పుణ్యానికి వచ్చేదాన్ని డబ్బు పెట్టి ఆపుకుంటున్నాం.

అందులోనూ మట్టి కప్పకుండా ఎండలో యూరియా పైపైన చల్లితే కొంత భాగం అమ్మోనియా అయి గాలిలో పోతుంది. పదును ఉన్నప్పుడు వేసి మట్టి కప్పాలి.

గుత్తి_సూటిమాట

సరే, అయితే ఆ 8 కిలోలు ఆకుతో వస్తాయా? ఎంత ఆకు కావాలో చెప్పండి. మాటలు వద్దు, అంకెలు.

మట్టివాసన

మంచి ప్రశ్న. పచ్చి ఆకులో ముప్పాతిక వంతు నీళ్లే. 100 కిలోల పచ్చి ఆకు తెస్తే 25 కిలోల ఎండు. గ్లిరిసిడియాలో అయినా కానుగలో అయినా ఎండు ఆకులో నత్రజని 3 శాతం దరిదాపుల్లో ఉంటుంది. అంటే 100 కిలోల పచ్చి రొట్టకు ముప్పాతిక కిలో. 8 కిలోలు కావాలంటే ఎకరాకు ఒక టన్ను పైన పచ్చి రొట్ట. ఆరెకరాలకు ఆరు టన్నుల పైమాట. నాలుగు కానుగలు అంత ఇవ్వవు, ఇస్తాయని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను.

కానీ చెనక్కాయ, కంది తమ నత్రజని చాలావరకు తామే పట్టుకుంటాయి. వాటికి బయటి నుంచి కావాల్సింది మొదట్లో కొద్దిగా. ఆకు రొట్ట ముఖ్యంగా ఆ 0.3 కర్బనాన్ని పైకి తేవడానికి కావాలి. యూరియా ఎన్ని బస్తాలు వేసినా కర్బనం రాదు.

ఎర్రచేను_కళ్యాణదుర్గం

మొన్న రాత్రి మంచి పదును వాన పడింది. పొద్దున్నే పలుగు తీసుకుని గెనిమ కిందికి పోయాను. వెంపలి మొక్క ఒకటి లాగితే రాలేదు, వేరు అంత గట్టిది. చుట్టూ తవ్వి మట్టి గడ్డతో సహా తీసి, బకెట్లో నానబెట్టి నెమ్మదిగా కడిగాను. ప్రధాన వేరు వేలంత మందం. పక్క వేర్ల మీద ఆవగింజ నుంచి జొన్నగింజ దాకా సైజులో బుడిపెలు. బొటనవేలి గోటితో ఒకటి చీల్చాను, లోపల లేత మాంసం రంగు. ఇంకో రెండు చీలిస్తే ఒకటి ఆకుపచ్చగా, ఒకటి ఖాళీ తొక్కగా ఉంది.

తంగేడు వేరు కూడా తవ్వాను. నల్లగా, నున్నగా ఉంది, ఒక్క బుడిపె లేదు. నాయన పక్కనే నిలబడి చూశాడు. ఏమీ అనలేదు కానీ మొహంలో గెలుపు కనిపించింది.

కదిరి_చెనక్కాయ

ఎరుపు ఉంటే పని చేస్తున్నట్టు. మన రక్తంలో హిమోగ్లోబిన్ లాంటిదే బుడిపెలో ఉంటుంది, లెగ్‌హిమోగ్లోబిన్ అంటారు. బుడిపె లోపల ప్రాణవాయువును అదుపులో పెట్టడం దాని పని, ఎందుకంటే నత్రజని పట్టే ఎంజైము ప్రాణవాయువు ఎక్కువైతే పాడైపోతుంది. ఆకుపచ్చ అంటే ముసలిదైంది. తెల్లగా ఉంటే ఇంకా మొదలుకాలేదు, లేదా పనికిరాని బ్యాక్టీరియా చేరింది.

చెనక్కాయను కూడా ఇలాగే విత్తిన 30, 40 రోజులకు నాలుగు చోట్ల తవ్వి చూడు. మట్టి పరీక్ష కాగితం కంటే అది నీకు ఎక్కువ చెప్తుంది. పీక్కుండా తవ్వాలి, పీకితే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి.

సీమపిల్ల_ధర్మవరం

మా చేలో కూడా చూస్తా. ఈసారి చెనక్కాయ పసుపు తిరిగింది, బుడిపెలు లేవేమో అనుకుంటున్నా.

కదిరి_చెనక్కాయ

పసుపుకు ఇనుము లోపం, నీళ్లు నిలవడం కూడా కారణాలే. లేత ఆకులు పసుపా, ముదురు ఆకులు పసుపా చూడమ్మా. ముదురు ఆకుల నుంచి మొదలైతే నత్రజని, లేత ఆకుల నుంచి మొదలైతే ఇనుము అనుమానించు.

చీనీతోట_పులివెందుల

పైన రాస్తానన్నది ఇప్పుడు రాస్తున్నా. మా చీనీ తోటలో సాళ్ల మధ్య వెంపలిని పీకించడం మానేశాను. పూత రాకముందే కొడవలితో కోసి పాదుల్లో పరుస్తాం. వేరు అక్కడే ఉంటుంది, మళ్లీ చిగురేస్తుంది. ఎండాకాలం కూడా ఆ రొట్ట కింద మట్టి చేత్తో తాకితే చల్లగా తగులుతుంది. తమిళనాడులో వెంపలిని పచ్చిరొట్ట పైరుగా వరి మళ్లలో వేసుకుంటారు, అక్కడ కొళింజి అంటారు. మన దగ్గరేమో దానికి గడ్డిమందు కొట్టిస్తున్నాం.

ఒక్క జాగ్రత్త. విత్తనం పడనిస్తే తోటంతా అదే అవుతుంది, నీటి పోటీ వస్తుంది. కొయ్యడం మానకూడదు.

నల్లరేగడి_కోయిలకుంట్ల

అన్నా, వెంపలి నత్రజని పడుతుందని వదిలేస్తే, సర్కారు తుమ్మ కూడా పడుతుంది కదా. దాన్నీ నాటుకుందామా?

గొర్రెలమంద_రాప్తాడు

దాని పేరెత్తకండి. మా ఊరి బీడు సగం అదే మింగింది. మంద పోయే దారి లేదు. ముల్లు దిగితే గొర్రె వారం కుంటుతుంది.

మట్టివాసన

సర్కారు తుమ్మ నత్రజని పట్టే మాట నిజమే. దాని కింద మట్టి తీసి పరీక్షిస్తే నత్రజని బాగానే ఉంటుంది. కానీ దాని కింద మన కసువు (గడ్డి) మొలవనివ్వదు, లోతు నీళ్లు లాగేస్తుంది. చెరువు మునక నేలల్లో, బీళ్లలో దాని సంగతి మీకందరికీ తెలుసు. నేలలో నత్రజని పెరిగిందా అన్నది ఒక్కటే కొలిస్తే ఇలాంటి చెట్టు కూడా మంచిదనిపిస్తుంది. చుట్టూ ఇంకేం బతుకుతోంది అన్నది కూడా చూడాలి.

ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ అనే పరిశోధన కేంద్రంలో 1856లో పచ్చిక బయలు మీద ఒక ప్రయోగం మొదలుపెట్టారు, అది ఇంకా నడుస్తోంది. ఎరువు వేయని మడుల్లో 40 దాకా రకాల మొక్కలు ఉన్నాయి. ఏటా అమ్మోనియా ఎరువు దండిగా వేసిన మడుల్లో రెండు మూడు రకాల గడ్డి మాత్రమే మిగిలింది. నత్రజని తక్కువ ఉన్న నేలలో చిక్కుడు జాతి చిన్న మొక్కలకు సొంత సంపాదన ఉంటుంది కాబట్టి నిలబడతాయి. అది ఎక్కువైతే ఏపుగా పెరిగే ఒకటి రెండు రకాలు నీడ కమ్మి మిగతావాటిని చంపేస్తాయి.

అక్కడి చలి, వాన వేరు. కానీ మన ఊర్లో పెంటదిబ్బ చుట్టూ, యూరియా కొట్టుకొచ్చే కాలవ పక్కన ఏం మొలుస్తుందో ఒకసారి చూడండి. వయ్యారిభామ, ఉత్తరేణి. గెనిమ మీద ఎత్తుగా, పొడిగా ఉన్న చోట పల్లేరు, తుమ్మి, వెంపలి, దర్భ జాతి గడ్డి.

సీమపిల్ల_ధర్మవరం

వయ్యారిభామ అంటే కాంగ్రెస్ గడ్డే కదా, దాని గురించి మా స్కూల్లో చెప్పారు. గోధుమలతో పాటు విదేశాల నుంచి వచ్చిందట, 1950లలో పూణె దగ్గర మొదట కనిపించిందట. ఇప్పుడు మా ఇంటి గోడ దాకా వచ్చింది. మా తమ్ముడికి దానితో ఒళ్లంతా దురద.

గొర్రెలమంద_రాప్తాడు

గడ్డిమందు సంగతి నేను చెప్పాల. గెనిమ మీద కొడితే కసువు, వెంపలి అన్నీ చస్తాయి. నెల తిరక్కముందే ఖాళీ చోట మొదట మొలిచేది వయ్యారిభామే. మా మంద అలవాటుగా పోయే గెనిమల మీద చెప్పకుండా కొట్టారు. రెండు గొర్రెలు నురగ కక్కి పడిపోయాయి, ఒకటి బతికింది. మందు పనేనని నేను నిరూపించలేను. ఆ రోజు నుంచి కొట్టిన గెనిమకు మందను తోలను. కొట్టినవాళ్లు కనీసం ఒక గుడ్డ పేలిక కట్టి గుర్తు పెట్టండప్పా, అంతకంటే ఏం అడగను.

నత్రజని అంటున్నారు కదా, మా మందను చేలో రాత్రి పండుకోబెడితే గొర్రె ఉచ్చ, పెంటికలు రెండూ నేలకే. మా నాయన కాలంలో మందకు పిలిచి ధాన్యమిచ్చి పెట్టించుకునేవాళ్లు. ఈ గొర్రెలు పగలంతా మేసేది బీడులోని వెంపలి పక్క కసువు, తుమ్మ కాయ, రేగాకు. బీడు సత్తువ రాత్రికి చేలోకి వస్తుంది. బీడు లేకపోతే మంద లేదు.

గుత్తి_సూటిమాట

గొర్రెల అన్న చెప్పింది బాగుంది. మందు కొట్టి గుర్తు పెట్టకపోవడం తప్పే, నేను ఒప్పుకోను అలాంటి పని. మా ఊర్లో కూడా ఈ మాట ఎత్తుతా.

కదిరి_చెనక్కాయ

అసలు మాట ఎవరూ ఎత్తలేదు. మన చేలలో నత్రజని పోయే పెద్ద దారి చెనక్కాయ కట్టె. చెట్టును వేర్లతో సహా పీకి, కాయ కోసి, కట్టెను వామి వేస్తాం. టన్ను కట్టెలో 15 కిలోల పైనే నత్రజని ఉంటుంది. కాయలో పప్పు సంగతి చెప్పక్కర్లేదు, క్వింటాలు పప్పులో 4 కిలోలు. ఇదంతా ఏటేటా చేను దాటి పోతోంది. పట్టిన నత్రజని పట్టినట్టే బండెక్కుతోంది. చెనక్కాయ వేశాం కాబట్టి నేల బాగుపడిందని అనుకోవడం అందుకే కుదరదు.

నల్లరేగడి_కోయిలకుంట్ల

కట్టె చేలో వదిలేస్తే ఎద్దులేం తినాల? ఆవులేం తినాల?

కదిరి_చెనక్కాయ

వదలమనట్లేదన్నా. తిన్న ఎద్దు పేడ తిరిగి అదే చేనుకు రావాలి అంటున్నా. ఇప్పుడు కట్టె లారీకి అమ్ముతున్నారు, పేడ దిబ్బ ఎండలో వానలో సంవత్సరం పడుంటుంది. ఎండకి కొంత నత్రజని గాలికి, వానకి కొంత కాలవకు. దిబ్బను గుంతలో వేసి పైన మట్టి కప్పితే చాలా మిగులుతుంది. ఇంక కంది మీద ఆశ పెట్టుకో తమ్ముడూ. కంది ఆకు రాలేది చేలోనే, వేరు ఉండేది చేలోనే. చెనక్కాయ సాళ్ల మధ్య కంది తీసేయొద్దు.

ఎర్రచేను_కళ్యాణదుర్గం

కంది తీయను. కట్టె మాత్రం పోయినేడు అమ్మాల్సి వచ్చింది, వడ్డీ కట్టేదుండింది. ఇదీ వాస్తవం.

ఇంకో ప్రశ్న. వాన లేని నెలల్లో ఈ బుడిపెలు ఏం చేస్తాయి? ఇక్కడ వాన పడిన రోజులకంటే పడని రోజులే ఎక్కువ.

మట్టివాసన

అనంతపురం జిల్లాకు ఏడాది వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, అది కూడా మధ్యలో పెద్ద పెద్ద ఎడంతో. మట్టి ఎండితే మొక్కలో ముందుగా దెబ్బతినే పనుల్లో నత్రజని పట్టడం ఒకటి. ఆకు వాడకముందే బుడిపెలు నెమ్మదిస్తాయి. చెనక్కాయకు లోతు వేరు తక్కువ కాబట్టి ఆ దెబ్బ ఎక్కువ. కానుగ, తుమ్మ లోతు వేర్లతో కొంత ఓర్చుకుంటాయి. ఇలాంటి చోట పుట్టి పెరిగిన మొక్కల మేలు ఇక్కడే కనిపిస్తుంది.

ఎండాకాలం తర్వాత మొదటి వాన సంగతి కూడా చెప్పాలి. ఎండిన మట్టి తడవగానే సూక్ష్మజీవులన్నీ ఒక్కసారి లేస్తాయి, సేంద్రియ పదార్థం విడిపోయి నత్రజని ఒక్క ఊపున బయటికి వస్తుంది. ఆ వేళ చేను ఖాళీగా ఉంటే దాంట్లో చాలా భాగం తర్వాతి వానకు కిందికి దిగిపోతుంది. అక్కడ ఏదో ఒక వేరు ఉంటే పట్టుకుంటుంది.

చీనీతోట_పులివెందుల

అందుకే కదక్కా ముంగారుకు ముందు నవధాన్యాలు చల్లమంటున్నారు. ప్రకృతి వ్యవసాయం వాళ్లు మన సీమలోనే ఇది బాగా తిప్పారు. జనుము, అలసంద, ఉలవ, పెసర, జొన్న, సజ్జ, నువ్వు అన్నీ కలిపి, విత్తనాలకు మట్టి, ఘనజీవామృతం (పేడ, మూత్రంతో చేసే ఎరువు) పట్టించి పొడి దుక్కిలోనే వేస్తారు. వాన పడగానే మొలుస్తాయి. తర్వాత కోసి పశువులకు కొంత, నేలకు కొంత.

గుత్తి_సూటిమాట

మా దగ్గర వేశారు. మొదటి వానకు మొలిచి, తర్వాత నెల వాన లేక మాడిపోయింది. విత్తనం ఖర్చు పోయింది. అందరికీ కుదరదు, నేరుగా చెప్పాలి.

చీనీతోట_పులివెందుల

అది నిజం. మా దగ్గర డ్రిప్పు ఉంది, నాకు కుదిరింది. వానాధారానికి గడ్డీ గాదం మల్చింగు వేస్తే కొంత నిలుస్తుంది, గ్యారంటీ అయితే లేదు.

బనగానపల్లె_బుడ్డలు

ఆలస్యంగా చూశాను. కానుగ చెక్క గురించి ఎవరూ రాయలేదే? కానుగ గింజ నూనె తీసిన పిండిలో 4 శాతం దాకా నత్రజని ఉంటుంది. అందులో కరంజిన్ అనే చేదు పదార్థం ఉంటుంది, అది అమ్మోనియా నైట్రేటుగా మారడాన్ని నెమ్మదింపజేస్తుంది. యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి చేసింది 2015లో. అదే రకం పని కానుగ కూడా చేస్తుంది. మా అవ్వ మిద్దె మీద కానుగ కాయలు ఎండబెట్టి గానుగకు పంపేది, నూనె దీపానికి, చెక్క చేనుకు. ఇప్పుడు కాయలు చెట్టు కిందే కుళ్లిపోతున్నాయి.

చెక్క పశువులకు పెట్టొద్దు, విషం. ఎరువుకే.

సీమపిల్ల_ధర్మవరం

మా చెట్టు కింద బస్తాలు బస్తాలు రాలుతాయి. గానుగ ఎక్కడుంది అన్నా?

బనగానపల్లె_బుడ్డలు

ఊరి గానుగలు మూతబడ్డాయి. కాయ కొట్టి గింజ తీసి, కచ్చాపచ్చాగా దంచి దిబ్బలో వేసుకో. అది కూడా పనికొస్తుంది, కాకపోతే నిదానంగా.

నల్లరేగడి_కోయిలకుంట్ల

నీడ సంగతి ఎవరూ జవాబు చెప్పలేదు. కానుగ కింద రెండు సాళ్లు పోతాయి. ఆ నష్టం లెక్కలో వేశారా?

కదిరి_చెనక్కాయ

మృగశిర కార్తెకు ముందే కింది కొమ్మలు, చేను వైపు కొమ్మలు కొట్టేయాలన్నా. కానుగ కొట్టిన కొద్దీ చిగురేస్తుంది. ఆ రొట్టను అప్పుడే చేలో పరిచి గుంటక తోలితే విత్తే వేళకి సగం చివుకుతుంది. చేనుకు ఉత్తరం వైపు చెట్టు కాబట్టి ఇతనికి నీడ బాధ అసలే తక్కువ, మన దగ్గర ఎక్కువ కాలం నీడ ఉత్తరానికి పడుతుంది. మీ చెట్టు ఏ వైపు ఉండేదో మరి.

నల్లరేగడి_కోయిలకుంట్ల

దక్షిణం గెనిమ మీద. సరే, అర్థమైంది. ఉత్తరం వైపు ఖాళీగా ఉంది, ఒక తెల్లతుమ్మ పెట్టి చూస్తా. మాట ఇవ్వట్లేదు, చూస్తా అంటున్నా.

ఎర్రచేను_కళ్యాణదుర్గం

ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఉత్తరం గెనిమ ముట్టుకోము. గ్లిరిసిడియా తీసుకుంటాం, పడమటి గెనిమ బోడిగా ఉంది, అక్కడ నాటుతాం, గుత్తి అన్న చెప్పిన కోతల లెక్కన. పక్కాయనతో మాట్లాడాను, ఉమ్మడి గెనిమకు మందు కొట్టనని ఒప్పుకున్నాడు, కొడవలి కూలి సగం నేను పెట్టుకోవాలన్నాడు. ఈ ముంగారుకు యూరియా వేయను, రైజోబియం పట్టించి విత్తుతాను. అది ఎలా పట్టించాలో కదిరి అన్న చెప్పాలి.

తూర్పు గెనిమకు వెంపలి విత్తనం చల్లాలని ఉంది. పోయినసారి ఊరికే చల్లితే మొలవలేదని నాయన అంటున్నాడు.

కదిరి_చెనక్కాయ

బెల్లం నీళ్లు కాచి బాగా చల్లార్చు, అందులో రైజోబియం పొడి కలిపి విత్తనానికి పట్టించి నీడలో ఆరబెట్టు. ఎండలో పెడితే బ్యాక్టీరియా చస్తుంది. తెగులు మందు పట్టించాలనుకుంటే అది ముందు, రైజోబియం చివర, విత్తే రోజే. చెనక్కాయదే అడిగి తీసుకో, పప్పుశనగది వేరు, అది దీనికి పని చేయదు.

చీనీతోట_పులివెందుల

వెంపలి గింజకు పెంకు గట్టిది, నీళ్లు పీల్చదు. ముతక ఇసుకతో కలిపి గోనెసంచిలో వేసి బాగా రుద్దు, పెంకు గీసుకుపోవాలి. లేదంటే బాగా కాగిన నీళ్లలో రెండు మూడు నిమిషాలు ముంచి తీసి, చల్లనీళ్లలో రాత్రంతా నానబెట్టు. ఉబ్బిన గింజలే మొలుస్తాయి, ఉబ్బనివి మళ్లీ రుద్దు. కాయలు గోధుమ రంగు తిరిగాక, పగలకముందే కోసుకో, పగిలితే గింజ ఎగిరి పోతుంది. మా తోటలో విత్తనానికని కొంత కోయకుండా వదిలాను, ఇప్పుడు కాయ మీదుంది, కావాలంటే పులివెందుల వైపు వచ్చినప్పుడు ఒక సంచి తీసుకుపో.